4-2 సెమిస్టరంతా బెంగళూరులో ఇంటర్న్‌షిప్: పీజీ ఎక్కడ, కాలేజీ కాగితాలేంటి, చేతిలో ఎంత ఉండాలి?

గూడెం_పిల్ల

నమస్తే అండి. సీఎస్ఈ ఫైనలియర్, మాది తాడేపల్లిగూడెం. 4-2 (నాలుగో ఏడాది రెండో సెమిస్టరు) మొత్తానికి బెంగళూరులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. జనవరి 5న జాయినింగ్, జూన్ 30 దాకా. ఆఫీసు ఔటర్ రింగు రోడ్డు మీద కడుబీసనహళ్లిలో. స్టైపెండ్ నెలకి 25,000. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకి రావాలన్నారు, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే.

మా పిన్ని వాళ్లు కడుగోడిలో ఉంటారు. "పిన్ని ఇంట్లో ఉండి మెట్రోలో వెళ్లిరా" అంటున్నారు నాన్న. పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటేనే నయమని నాకు అనిపిస్తోంది గానీ, ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నా. కాలేజీ వాళ్లేమో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తామన్నారు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. వైవా ఏప్రిల్ ఆఖర్లో ఉండొచ్చట. మొదటి జీతం వచ్చేలోపు ఎంత డబ్బు పట్టుకెళ్లాలో కూడా తెలియడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ప్లీజ్.

---

బ్రిడ్జికింద_బాబాయ్

ముందు నాన్నగారి ప్లాను సంగతి తేల్చేద్దాం అమ్మా. కడుగోడి మెట్రోకి వంక పెట్టడానికేం లేదు. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి పూర్తిగా నడుస్తోంది. కానీ ఆ లైను నీ ఆఫీసు ఛాయలకు రాదు. కె.ఆర్.పురంలో దిగి, అక్కడ బస్సెక్కి, రింగు రోడ్డు మీద ఇంకో 10 కిలోమీటర్లు రావాలి. ఆ రోడ్డు మీదే సిల్క్ బోర్డు – కె.ఆర్.పురం మెట్రో పనులు జరుగుతున్నాయి, రోడ్డు చాలాచోట్ల సన్నబడింది. మెట్రో ముక్క పాతిక నిమిషాల్లో అయిపోతుంది, బస్సు ముక్కకి లెక్క లేదు. ఉదయం తొమ్మిదింటికి బయల్దేరితే ఒక వైపే గంటన్నర వేసుకో.

ఇంకో సంగతి. మీ వాళ్లు రమ్మన్న ఆ మూడు రోజులే ఊళ్లో సగం కంపెనీలు కూడా రమ్మంటాయి. రింగు రోడ్డు మీద సోమవారం, శుక్రవారం చూసి "ఇంతేనా ట్రాఫిక్కు" అనుకుంటే బుధవారం బుద్ధొస్తుంది.

కాబట్టి ఇలా చెయ్యి. మొదటి వారం, పది రోజులు పిన్ని ఇంట్లోనే ఉండు. అక్కడి నుంచే సాయంత్రాలు పీజీలు చూసుకో. ఊరి నుంచి ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో అడ్వాన్సు పంపొద్దు. ఫొటోలో ఉన్న గది ఒకటి, నీకిచ్చే గది ఇంకొకటి, ఇది ఇక్కడ మామూలే.

ఎక్కడ చూడాలంటే, ఆఫీసుకి నడిచి వెళ్లగలిగే దూరంలో. కడుబీసనహళ్లిలోనే కావేరప్ప లేఅవుట్ ఉంది, కాస్త ఎగువన మున్నేకొళాల. రెండు చోట్లా పీజీలు కుప్పలు, నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామంది. పణత్తూరు వైపు అద్దె కాస్త తగ్గొచ్చు గానీ రోడ్డు ఇరుకు. బెళ్లందూరు వైపు పల్లపు వీధుల్లో గ్రౌండ్ ఫ్లోరు గది వద్దు. 2022 వానలకి అటువైపు టెక్ పార్కుల్లోకే నీళ్లొచ్చాయి. నువ్వుండేది జూన్ దాకా, మే నుంచే సాయంత్రాలు గట్టి వానలు మొదలవుతాయి.

మ్యాపులో కిలోమీటర్లు ఒక్కటే చూడకు. రింగు రోడ్డుకి నీ ఆఫీసు ఏ పక్కన ఉందో, పీజీ కూడా ఆ పక్కనే ఉండాలి. అవతలి పక్కనుంటే 300 మీటర్ల దూరానికి స్కైవాక్ ఎక్కి దిగి, సర్వీసు రోడ్డు దాటి, పావుగంట పడుతుంది.

ఇక రైలు. మీ గూడెం నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కృష్ణరాజపురంలో దిగు. స్టేషన్ పక్కనే మెట్రో, కడుగోడి వైపు ఎక్కితే పిన్ని ఇల్లే. కొన్ని రైళ్లు వెళ్లి ఆగే ఎస్ఎంవీటీ టెర్మినల్ బైయప్పనహళ్లిలోనే ఉన్నా, మెట్రో స్టేషన్‌కి దాదాపు 2 కిలోమీటర్లు. పెట్టె, పరుపుచుట్టతో నడిచే దూరం కాదది.

---

ప్రాజెక్టు_గైడు

కాలేజీ సంగతి నేను చెప్తాను. ఎన్‌ఓసీ ఒక్కటీ తీసుకుని బస్సెక్కేస్తే ఏప్రిల్‌లో ఇబ్బంది పడతారు.

మీ అసలు సమస్య తారీఖులు. ఇంటర్న్‌షిప్ జూన్ 30న ముగుస్తుంది, వైవా ఏప్రిల్ ఆఖర్లో అంటున్నారు. ముగియకుండా కంపెనీ కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వదు, సర్టిఫికెట్ లేకుండా కొన్ని డిపార్ట్‌మెంట్లు వైవాకి కూర్చోనివ్వవు. దీనికి మార్గం: "ఫలానా తేదీ నుంచి మా దగ్గర పని చేస్తున్నారు, నేటికీ కొనసాగుతున్నారు" అని లెటర్‌హెడ్ మీద మధ్యంతర లేఖ. అది సరిపోతుందని హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గర ఇప్పుడే, మెయిల్లో, ఒప్పించుకోండి. నోటి మాట పనికిరాదు. ఏప్రిల్ నాటికి ఆ కుర్చీలో ఎవరుంటారో ఎవరికి తెలుసు?

ఆ లేఖలో నాలుగు విషయాలు ఉండాలి: మీ హాల్‌టికెట్ నంబరు, ప్రాజెక్టు శీర్షిక, కంపెనీలో మీ మెంటర్ పేరు–హోదా, మొదలైన తేదీ. హెచ్‌ఆర్ దగ్గర ఉండే రెడీమేడ్ ఫార్మాట్‌లో హాల్‌టికెట్ నంబరూ ఉండదు, ప్రాజెక్టు శీర్షికా ఉండదు. మార్చి మొదట్లోనే అడిగితే అవన్నీ చేర్చి ఇస్తారు. వైవాకి మూడు రోజుల ముందు అడిగితే ఉన్న ఫార్మాటే చేతికొస్తుంది.

పేరు విషయం మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, ఆధార్‌లో పేరుకి వెనకాల, ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. కంపెనీ ఫారంలో "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" గళ్లు కనబడగానే ఏదో ఒకటి నింపేస్తారు, ఆఫర్ లెటర్ అలాగే వస్తుంది. యూనివర్సిటీకి టెన్త్ మెమోలో ఉన్నదే పేరు. పేరోల్‌కి (జీతాల లెక్కకి) పాన్‌లో ఉన్నదే పేరు. సర్టిఫికెట్ మీద టెన్త్ మెమో ప్రకారం వేయమని జాయినింగ్ రోజే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఆధార్‌కీ పాన్‌కీ తేడా ఉంటే ఊళ్లో ఉండగానే సరిచేయించుకోండి.

రిపోర్టు. మీరు సంతకం పెట్టే ఒప్పందం ప్రకారం కంపెనీ కోడ్, స్క్రీన్‌షాట్లు, కస్టమర్ల పేర్లు బయట పెట్టకూడదు. రిపోర్టులో మాత్రం 50, 60 పేజీలు కావాలి. సమస్య ఏంటి, ఏ పద్ధతి ఎంచుకున్నారు, ఎందుకు, ఎలా పరీక్షించారు, ఇవి రాయొచ్చు. బొమ్మలు మీరే కొత్తగా గీయండి, పెట్టెల మీద అసలు సిస్టమ్ పేర్లు కాకుండా మామూలు పేర్లు పెట్టండి. ఫలితాలు అంకెల్లో ఇవ్వకూడదంటే శాతాల్లో ఇవ్వొచ్చేమో మెంటర్ని అడగండి. ముసాయిదా మెంటర్‌కి పంపి "అభ్యంతరం లేదు" అని మెయిల్ తీసుకోండి. పెద్ద కంపెనీల్లో అది లీగల్ వాళ్ల దాకా వెళ్తుంది, రెండు మూడు వారాలు చేతిలో ఉంచుకోండి. ఇంకో మాట: కంపెనీ ల్యాప్‌టాప్ నుంచి సొంత మెయిల్‌కి ఫైళ్లు పంపుకోవద్దు. రిపోర్టు కోసమే అయినా సరే, అది పట్టుబడుతుంది. రిపోర్టు సొంత ల్యాప్‌టాప్‌లోనే మొదటి నుంచీ రాసుకోండి.

వారం వారం లాగ్‌బుక్ కూడా అడుగుతారు. చివర్లో ఒక్క రాత్రి కూర్చుని అన్ని వారాలవీ రాస్తే అన్ని పేజీల్లో ఒకే సిరా, ఒకే చేతి బరువు కనబడుతుంది. ఎగ్జామినర్లకి ఆ మాత్రం తెలుసు.

టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోవడమే. దాచుకుంటామనే కంపెనీ అయితే అదే మీకు సమాధానం.

---

మూడో_మంచం

చెల్లీ, పీజీ చూడ్డానికి మధ్యాహ్నం వెళ్లకు. రాత్రి ఎనిమిదికి, అందరూ తిరిగొచ్చాక వెళ్లు. అప్పుడే మూడూ ఒకేసారి తెలుస్తాయి: పై అంతస్తు కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, వైఫై నిలబడుతుందా, కూర మిగిలిందా. ఇంటి నుంచి పని రెండు రోజులు ఉంది కాబట్టి వైఫై నీకు అన్నం లాంటిది. నువ్వుండబోయే గదిలోనే, తలుపేసి, ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టు. రిసెప్షన్ దగ్గర వచ్చే స్పీడు గదిలో రాదు. కరెంటు పోతే లిఫ్టు, లైట్లతో పాటు వైఫై రూటరు కూడా బ్యాకప్ మీద ఉందా అడుగు. చాలాచోట్ల ఉండదు.

పరుపు అంచు కుట్లు, మంచం చెక్కల సందులు టార్చి వేసి చూడు. నల్లటి చుక్కలు కనబడితే నల్లులున్నట్టే. ఓనరు ఎంత మంచివాడైనా ఆ గది వద్దు, నీ పెట్టెతో పాటు మీ ఇంటికీ వస్తాయి.

నీళ్లు కావేరివా, బోరువా, ట్యాంకరా? 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి తూర్పు బెంగళూరులో చాలా వీధులు ట్యాంకర్ల మీదే బతికాయి. నువ్వుండేది సరిగ్గా మార్చి, ఏప్రిల్, మే. బోరు నీళ్లయితే బకెట్ అంచున తెల్లటి గార కట్టి ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. వేడినీళ్లు సోలారా గీజరా అన్నది కూడా చూడు. సోలారైతే ఉదయం ఏడు దాటాక లేచినవాళ్లకి చన్నీళ్లే. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది, మన గోదావరి జిల్లాల ఒంటికి అది చలే. ఒక దుప్పటి, ఒక స్వెటర్ తెచ్చుకో.

రేట్లు: ఆ ఏరియాలో భోజనంతో ముగ్గురుండే గది సుమారు 8,000 నుంచి 10,000, ఇద్దరుండేది 10,000 నుంచి 13,000. అడ్వాన్సు సాధారణంగా ఒక నెల అద్దె. వెళ్లేటప్పుడు అందులోంచి "మెయింటెనెన్స్" అని 1,500 నుంచి 3,000 పట్టుకుంటారు. ఎంత పట్టుకుంటారో, ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో, నోటీసు ఎన్ని రోజులో, ఈ మూడూ చేరే రోజునే వాట్సాప్‌లో రాయించుకో. నోటీసు నెల రోజులైతే, జూన్ 30న ఖాళీ చేయాలంటే మే 31లోపు పెట్టాలి. జూన్ 5న గుర్తొచ్చి చెప్తే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవడమే.

భోజనం అంటే ఉదయం టిఫిను, రాత్రి భోజనం. మధ్యాహ్నం బాక్సు కట్టుకోనిస్తారా, ఆఫీసులో ఇంటర్న్‌లకి కూడా భోజనం ఉందా కనుక్కో. మనవాళ్ల పీజీ అయితే పప్పు, సోనామసూరి, వేపుడు దొరుకుతాయి. పచ్చడి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకో తల్లీ. బీరువాకి సొంత తాళంకప్ప తప్పనిసరి.

బస్సు గురించి ఒకటి. అక్కడ మన ఆధార్ చూపిస్తే ఆర్టీసీలో ఉచితం కదా, ఇక్కడా శక్తి పథకం ఉంది, 2023 జూన్ నుంచి. కానీ అది కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకే. మన ఆధార్‌తో టికెట్ కొనాల్సిందే. దాని కోసం ఆధార్ చిరునామా మార్చుకోవద్దు, ఆరు నెలల తర్వాత మళ్లీ మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

ఆఫీసులో ఆలస్యమైతే రాత్రి క్యాబ్ ఇంటర్న్‌లకి కూడా ఇస్తారా? మొదటి రోజే అడుగు. ఉద్యోగులకి ఉండి ఇంటర్న్‌లకి లేని కంపెనీలు ఉన్నాయి. ఇన్సూరెన్సు కూడా అంతే, ఇంటర్న్‌లని తరచూ కలపరు. మీ నాన్నగారి పాలసీలో నీ పేరుందేమో, దాని కార్డు ఫొటో ఫోన్లో ఉంచుకో.

---

రూపాయి_పైసా

డబ్బు లెక్క సూటిగా చెప్తాను. జనవరి 5న చేరితే మొదటి స్టైపెండ్ ఎప్పుడు? చాలా కంపెనీలు నెల మధ్యలోనో 20వ తేదీ ప్రాంతంలోనో పేరోల్ మూసేస్తాయి. బ్యాంకు వివరాలు అప్పటికి సిస్టమ్‌లో ఎక్కకపోతే జనవరిది ఫిబ్రవరితో కలిపి వస్తుంది. అందుకని రెండు నెలలు చూసుకుని రండి. అద్దె 9,500 అనుకుందాం. అడ్వాన్సు 9,500, జనవరి అద్దె 9,500, ఫిబ్రవరి అద్దె 9,500, మొత్తం 28,500. బకెట్టు, దుప్పట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, బస్సులు, మధ్యాహ్నం భోజనాలు కలిపి ఇంకో 6,000. అంటే 34,500. పదిరోజులు పిన్నిగారింట్లో ఉంటే జనవరి అద్దె కొంత తగ్గుతుంది, తేదీల లెక్కన కట్టించుకునే పీజీ అయితేనే.

ఇప్పుడు పన్ను. ఆఫర్ లెటర్లో 25,000 అని ఉన్నా ఖాతాలో 22,500 పడితే కంగారు పడకండి. కొన్ని కంపెనీలు స్టైపెండ్‌ని జీతంగా చూపిస్తాయి, అప్పుడు ఈ మాత్రం మొత్తానికి టీడీఎస్ (డబ్బిచ్చే ముందే కోసే ఆదాయపు పన్ను) ఉండదు. కొన్ని వృత్తి ఫీజుగా చూపిస్తాయి. అలాంటప్పుడు ఆర్థిక సంవత్సరంలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం.

మీ ఇంటర్న్‌షిప్ రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది: జనవరి–మార్చి ఒకటి, ఏప్రిల్–జూన్ ఇంకొకటి. రెండింటిలోనూ 75,000 దగ్గరికి వస్తుంది కాబట్టి రెండుసార్లూ కోత పడే అవకాశం ఉంది, మొత్తం 15,000 దాకా. మీ ఆదాయం పన్ను పరిమితికి ఎంతో కింద ఉంది, కొత్త పద్ధతిలో అది 4 లక్షలు. కాబట్టి రిటర్ను వేస్తే ఆ కోసినదంతా వెనక్కొస్తుంది. మార్చిదాకా కోసినది కంపెనీ మే 31లోపు చూపించాలి కనుక జూన్‌లో ఐటీ పోర్టల్లో మీ పాన్ మీద పడిందో లేదో చూసుకుని జూలైలో రిటర్ను వేయండి. ఏప్రిల్–జూన్‌ది ఆ మరుసటి ఏడాదే. అప్పటికి ఉద్యోగంలో ఉంటారు, మర్చిపోతారు, అందుకే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. రిఫండు రావాలంటే పోర్టల్లో మీ బ్యాంకు ఖాతా ముందే ధ్రువీకరించి ఉండాలి, ఖాతాలో పేరు పాన్‌లో లాగే ఉండాలి. పైన గైడు గారు పేరు గురించి చెప్పింది ఇక్కడ కూడా తగులుతుంది.

"ల్యాప్‌టాప్ డిపాజిట్", "ట్రైనింగ్ ఫీజు" అని ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి పంపకండి. మీది కాలేజీ ద్వారా వచ్చినదైతే భయం లేదు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా.

---

గూడెం_పిల్ల

అందరికీ చాలా థాంక్సండి. పదిరోజులు పిన్ని ఇంట్లో అనేసరికి నాన్న కూడా ఒప్పుకున్నారు. ఇంకో రెండు డౌట్లు. సంక్రాంతికి ఇంటికి రావచ్చా? చేరేది 5నే కదా. నాకు కన్నడం ఒక్క ముక్క రాదు, ఇబ్బందా? క్లాస్‌మేట్ ఒకమ్మాయి కూడా వస్తోంది, ఇద్దరం కలిసి చిన్న ఫ్లాట్ తీసుకుందామా అంటోంది.

---

బ్రిడ్జికింద_బాబాయ్

ఫ్లాటు వద్దు. ఇక్కడ అడ్వాన్సు చాలా నెలల అద్దె అడుగుతారు, 11 నెలల అగ్రిమెంటు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత. ఆరు నెలలు నిండకముందే ఖాళీ చేస్తే ఇంకా పట్టుకునేవాళ్లూ ఉన్నారు. గ్యాసు, మంచాలు, వైఫై అన్నీ మీరే. ఆ అమ్మాయితో కలిసి ఒకే పీజీలో ఇద్దరుండే గది తీసుకోండి, ఇద్దరూ ఒకేసారి చేరితే అద్దె కొంచెం బేరమాడొచ్చు.

సంక్రాంతి సంగతి: ఇక్కడ ఆఫీసులకి సాధారణంగా ఒక్కరోజే సెలవు. భోగి, కనుమ మనకే. చేరిన వారానికే సెలవడగడం మేనేజరుకి బాగోదు. ఇంటి నుంచి పని చేసే రోజులు దాని పక్కనే పడితే, "ఆ రోజులు ఊరి నుంచి చేస్తాను" అని చేరకముందే మెయిల్లో అడుగు. కొన్నిచోట్ల వేరే రాష్ట్రం నుంచి లాగిన్ కానివ్వరు, అదీ కనుక్కో. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, ఉదయం 8కి. పండక్కి అంటే నవంబరు మధ్యలో. తత్కాల్ మీద ఆధారపడేట్టయితే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ అనుసంధానం ముందే చేసి పెట్టుకో, అది లేకుండా 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇవ్వడం లేదు. వైవాకి వచ్చే టికెట్టు కూడా తేదీ ప్రకటించిన రోజే కొట్టు.

---

సగం_కన్నడం

ఆ వైపు తెలుగుతోనే చాలావరకు గడిచిపోతుంది, హిందీ కూడా నడుస్తుంది. అయినా ఆటో, కూరగాయలు, బస్సు కండక్టరు దగ్గర నాలుగు ముక్కలుంటే మర్యాద వేరు. "ఎష్టు" అంటే ఎంత, "బేడ" అంటే వద్దు, "ఇల్లి నిల్సి" అంటే ఇక్కడ ఆపండి, "చిల్లరె ఇల్ల" అర్థమయ్యే ఉంటుంది.

లిపి మనకి అలవోకగా వస్తుంది. తలకట్టు ఆకారం వేరు, మిగతా గుణింతమంతా దాదాపు మనదే. "క", "త", "శ" మాత్రం కాస్త కళ్లు అలవాటు పడాలి. బస్సు బోర్డులు రెండు వారాలు పట్టుబట్టి చదివితే ఇక మ్యాపు అక్కర్లేదు. ఇంకో కిటుకు: మన "ప" చాలా మాటల్లో అక్కడ "హ" అవుతుంది. పాలు హాలు, పువ్వు హూవు, పది హత్తు, పల్లె హళ్లి. మీరు దిగాల్సిన కడుబీసనహళ్లిలో చివర ఉన్నది మన పల్లెనే. రింగు రోడ్డు మీద హెబ్బాళ, సిల్క్ బోర్డు మధ్య తిరిగే 500డి బస్సు గుర్తుపెట్టుకోండి, కె.ఆర్.పురం నుంచి మీ ఆఫీసు దాకా అదే తీసుకొస్తుంది. ఏసీ బస్సు వజ్ర, టికెట్టు ఎక్కువ. మామూలు బస్సు కావాలంటే ఎక్కేముందే చూసుకోండి.

---

ప్రాజెక్టు_గైడు

ఒకటి మర్చిపోయాను. జూన్ 30న ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగిచ్చేటప్పుడు అందినట్టు మెయిల్లో రసీదు తీసుకోండి. ఆ రోజు సాయంత్రానికి కంపెనీ మెయిల్ మూసేస్తారు, కాబట్టి ఆ రసీదు, కంప్లీషన్ సర్టిఫికెట్ మీ సొంత మెయిల్‌కి పంపమని హెచ్‌ఆర్‌కి ముందే చెప్పండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి అప్లై చేసేనాటికి కాలేజీ ఆ అసలు కంప్లీషన్ కాపీ అడుగుతుంది, మధ్యంతర లేఖ అప్పుడు చెల్లదు.

---

గూడెం_పిల్ల

రాసుకున్నానండి. హెచ్‌ఓడీ సార్‌కి మెయిల్ ఇవాళే పెడుతున్నా. పాన్‌లో మా ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలవడం లేదు, ఇప్పుడే చూశాను. ముందు అది.